పికప్‌లో ఒళ్ళు హూనం కాకుండా ఏ షాకబ్జార్లు వేయించాలి?

చెరువుగట్టు, భీమవరం

అందరికీ నమస్కారం అండి. నాది ఇసుజు వి-క్రాస్, 1.9 ఆటోమేటిక్. మన శ్రీసిటీలో తయారైన బండే. 90 వేల కిలోమీటర్లు దాటింది. ఇంజిన్ గానీ గేర్లు గానీ ఏమీ అనడానికి లేదు. కొత్తలో కుదుపులు కూడా ఇంతగా ఉండేవి కాదు. ఈమధ్య వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు గోల పెట్టేస్తున్నారు. అమ్మకి నడుం నొప్పి. విజయవాడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి తెస్తే మర్నాడు మంచం దిగట్లేదు.

హైవే మీద వంతెన ఎక్కేచోట బండి ఒకసారి లేచి, దిగి, మళ్ళీ లేస్తుంది. చిన్న గతుకులైతే ఠక్ ఠక్‌మని నేరుగా సీట్లోకి కొడుతున్నాయి.

నా వాడకం చెప్తాను. చాలా రోజులు వెనక ఖాళీయే. నేను, నాతో పాటు చెరువు దగ్గర పనిచేసే కుర్రాడు. వారంలో ఒకటి రెండుసార్లు రొయ్యల మేత, 25 కిలోల బస్తాలు ఏడెనిమిది. అప్పుడప్పుడూ ఫ్యామిలీతో లాంగ్ జర్నీ. ఆఫ్‌రోడింగ్ సరదా లేదు. ఎత్తు పెంచే ఉద్దేశం అసలే లేదు, అమ్మ ఇప్పుడున్న ఎత్తే ఎక్కలేకపోతోంది.

ఒక షాపులో ఓల్డ్ మ్యాన్ ఈము వేయించమన్నారు. ఇంకో షాపులో ప్రొఫెండర్ అన్నారు. మూడో ఆయన "బిల్‌స్టీన్ తప్ప ఏది వేసినా డబ్బు దండగ" అనేశాడు. నాకు స్టైలు అక్కర్లేదు, కంఫర్ట్ కావాలి. ఏది తీసుకోమంటారు?

కొండదారి, హైదరాబాద్

ఓల్డ్ మ్యాన్ ఈము ఫుల్ కిట్ వేయించెయ్ అన్నా, ఇంకో ఆలోచన వద్దు. నా బండికి ముందు స్ట్రట్లు (స్ప్రింగుతో కలిసి ఉండే షాకులు), స్ప్రింగులు, వెనక కమాన్లు (ఇనుప పట్టీల కట్ట స్ప్రింగులు), షాకులు అన్నీ మార్చాను. 2 అంగుళాల లిఫ్ట్, అంటే బండి అంత ఎత్తు పెరిగింది. శ్రీశైలం ఘాట్ రోడ్డులో రాత్రిపూట దిగినా బండి రోడ్డుకి అతుక్కుని పోతుంది. ఖర్చు అవుతుంది గానీ ఒకసారి పెడితే ఇక చూసుకోనక్కర్లేదు.

పొదుపు రాణి, ఖమ్మం

కొండదారి గారూ, ఆయన లిఫ్ట్ వద్దన్నారు. వాళ్ళమ్మగారు ఎక్కలేరని కూడా చెప్పారు. పోస్టు మొత్తం చదివారా?

10-12 పానా, విజయవాడ ఆటోనగర్

చెరువుగట్టు గారూ, ఏ షాకు అని అడిగే ముందు రోగం ఏంటో చూద్దాం. మీరు చెప్పినవి రెండు వేర్వేరు రోగాలు. వంతెన దగ్గర లేచి, దిగి, మళ్ళీ లేవడం షాకులు అరిగిన లక్షణం. చిన్న గతుకులు ఠక్‌మని కొట్టడం మాత్రం ఎక్కువసార్లు టైర్లలో గాలి వల్ల గానీ, బుష్‌ల వల్ల గానీ వస్తుంది. కొత్త షాకులు వేస్తే మొదటిది పోతుంది. రెండోది ఉన్నచోటే ఉంటుంది, పైగా కొత్త షాకు బిగువుకి ఇంకాస్త పెరిగినా పెరుగుతుంది. అప్పుడు మీరు షాకు కంపెనీని తిడతారు.

రేపు పొద్దున్నే బండి కదిలించకముందు నాలుగు టైర్లలో గాలి చూడండి. డ్రైవర్ డోరు తెరిస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. ఖాళీ బండికి ఎంత, లోడుకి ఎంత అని దాని మీద ఉన్న అంకెలతో పోల్చండి. పెట్రోల్ బంకుల్లో పికప్ కనిపిస్తే చాలు, లోడు బండి అనుకుని కొట్టేస్తారు.

తర్వాత కిందకి వంగి వెనక షాకులు చూడండి. పైన పల్చటి చెమ్మ, దాని మీద దుమ్ము ఉంటే కంగారు పడక్కర్లేదు. నూనె ధార కట్టి కింది బోల్టు దాకా కారి ఉంటే మాత్రం ఆ షాకు పని అయిపోయినట్టే. కమాను రెండు చివర్లా ఉండే రబ్బరు బుష్‌లు పగిలాయా, షాకిల్ (కమాను చివరని ఛాసిస్‌కి కలిపే ఇనుప లింకు) పక్కలకి ఆడుతోందా, పట్టీల చివర ఉండే ప్లాస్టిక్ ముక్కలు ఇంకా ఉన్నాయా, ఇవీ చూడండి. చాలా బళ్ళలో ఆ ముక్కలు అరిగి ఊడిపోయి ఇనుము మీద ఇనుము ఒరుసుకుంటూ ఉంటుంది.

బంపర్ నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే టెస్టు కార్లకి. పికప్ వెనక భాగాన్ని మనిషి నొక్కితే ఏం కదులుతుంది? దాన్ని నమ్మకండి.

చెరువుగట్టు, భీమవరం

థాంక్స్ అండి. పొద్దున్నే చూసి చెప్తాను. ఈలోగా ఇంకో అనుమానం. తెలిసిన మెకానిక్ ఒకాయన కమాను కట్టలో కింది మందపాటి పట్టీ తీసేస్తే మెత్తగా అవుతుందన్నాడు. పైసా ఖర్చు లేదట. నిజమేనా?

ఫ్రిస్కో ట్రక్కు, టెక్సాస్

ఆ పని చేయించకండి అన్నా. ఆ అడుగు పట్టీ ఉన్నదే లోడు కోసం. చాలా పికప్‌లలో బండి ఖాళీగా ఉన్నప్పుడు అది పై పట్టీలని ఆనుకోను కూడా ఆనుకోదు. లోడు పడి కమాను వంగాకే పనిలోకి వస్తుంది. ఖాళీ బండిలో పని చేయని పట్టీని తీసేస్తే ఖాళీ బండి ఎలా మెత్తబడుతుంది? మేత బస్తాలు వేసిన రోజున మాత్రం బండి వెనక్కి కూలబడుతుంది. పైగా ఆ కట్ట విప్పితే దాన్ని ఇరుసుకి బిగించే యూ-బోల్టులు కొత్తవి వేయాలి. సాగిన బోల్టులనే మళ్ళీ బిగిస్తే రోడ్డు మీద వదులవుతాయి.

నా సంగతి చెప్పాలంటే, నాది ఫోర్డ్ ఎఫ్-150 పికప్. వెనక మీలాగే కమాన్లు. మా ఐ-35 హైవే మీద కాంక్రీట్ స్లాబుల అతుకులు వరసగా ఉంటాయి. ఒక స్పీడులో వెళ్తే ఆ అతుకుల తాళానికి ఖాళీ పికప్ ఎగరడం మొదలుపెడుతుంది. దాన్ని ఇక్కడ ఫ్రీవే హాప్ అంటారు. కంఫర్టే ముఖ్యం అనుకునే మనవాళ్ళు కొందరు రామ్ 1500 వైపు వెళ్ళేది అందుకే. 2009 నుంచి దానికి వెనక కమాన్లు లేవు, కాయిల్ (చుట్ట) స్ప్రింగులు. 2022లో టొయోటా టండ్రా కూడా కాయిల్స్‌కి మారింది. అంటే బండి తయారుచేసేవాళ్ళే మెత్తదనం కోసం మొదట స్ప్రింగునే మారుస్తున్నారు. షాకు ఒక్కదాంతో ఎంతవరకు అవుతుందో దీన్నిబట్టి అంచనా వేసుకోండి.

లెక్కల మాస్టారు, ఒంగోలు

ఫ్రిస్కో గారి చివరి మాట దగ్గర నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది.

బండి బరువు మోసేది స్ప్రింగు. షాకు ఒక్క కిలో కూడా మోయదు (గ్యాసు ఉన్నవాటిలో కొద్దిపాటి తోపు ఉంటుంది, దాన్ని వదిలేద్దాం). స్ప్రింగు ఊపుని ఆపడమే షాకు పని. లోపల నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కి సన్నటి దారులు, ఆ దారుల మీద పల్చటి స్టీలు బిళ్ళలు. పిస్టన్ కదిలితే నూనె ఆ ఇరుకు దారుల్లోంచి దూరాలి. అలా ఊపు కాస్తా వేడిగా మారి పోతుంది. దూరం తిరిగొచ్చాక షాకుని ముట్టుకుంటే చెయ్యి కాలేది అందుకే.

ఇక అందరూ తికమకపడే సంగతి. షాకుల బ్రోచర్లలో లో-స్పీడ్, హై-స్పీడ్ అని రాస్తారు. అది బండి స్పీడు కాదు, పిస్టన్ స్పీడు. మీరు 100లో వెళ్తూ వంతెన మీద తేలుతున్నట్టు లేచి దిగితే పిస్టన్ మెల్లగా కదులుతుంది. అది లో-స్పీడ్. 20లో వెళ్తూ పదునైన గుంత అంచుని గుద్దితే పిస్టన్ ఒక్కసారిగా దూసుకుపోతుంది. అది హై-స్పీడ్. బ్రేకు వేస్తే ముక్కు వంగడం, మలుపులో పక్కకి ఒరగడం లో-స్పీడ్ లెక్కలోకే వస్తాయి. స్పీడ్ బ్రేకర్ అంచు, రోడ్డు అతుకు హై-స్పీడ్ లెక్కలోకి వస్తాయి.

డైగ్రెసివ్ తరహా షాకు మెల్లటి కదలికకి గట్టిగా పట్టి, ఒక హద్దు దాటాక వదులుతుంది. బండి ఒరగదు, తేలదు, పెద్ద గుంతలో వెన్ను విరగదు. కానీ చిన్న చిన్న గరుకు మొత్తం సీట్లోకి తెలుస్తుంది. బిల్‌స్టీన్ 5100 లాంటివి ఈ కోవలోవి. లీనియర్ తరహాది మెత్తగా మొదలై కదలిక పెరిగిన కొద్దీ బిగుస్తుంది. ఊళ్ళో హాయిగా ఉంటుంది, హైవే మీద బండి కొంచెం ఊగుతుంది. ఈ రెంటిలో ఏది కంఫర్ట్ అనేది మనిషిని బట్టి ఉంటుంది. నడుం నొప్పి ఉన్న అమ్మగారికి చిన్న ఠక్ ఠక్‌లే ఎక్కువ బాధ. ఊపు వల్ల వాంతులయ్యే పిల్లలుంటే వేరే మాట.

కొండదారి, హైదరాబాద్

మాస్టారూ, అదంతా సరే. కంఫర్ట్ కావాలంటే మంచి బ్రాండు తీసుకోవాలి, మంచి బ్రాండు అంటే ఖరీదు ఉంటుంది. నా బండి ఎంత మెత్తగా పోతుందో ఎక్కి చూస్తే తెలుస్తుంది. మీడియం లోడ్ కమాన్లు వేసినా వెనక కూర్చున్నవాళ్ళు నిద్రపోతారు.

10-12 పానా, విజయవాడ ఆటోనగర్

కొండదారి తమ్ముడూ, మీ బండి మీద ఏమేం ఉన్నాయి?

కొండదారి, హైదరాబాద్

ముందు స్టీలు బంపర్, విన్చ్. వెనక కెనోపీ, డ్రాయర్లు, ఫ్రిజ్, రెండో బ్యాటరీ. పైన రూఫ్ టెంటు.

10-12 పానా, విజయవాడ ఆటోనగర్

అదీ సంగతి. మీ బండి ఎప్పుడూ లోడు బండే. ఆ కమాన్లు ఆ బరువుకే చేశారు, అందుకే మెత్తగా ఉన్నాయి. అదే కిట్టు ఖాళీగా తిరిగే చెరువుగట్టు గారి బండికి వేస్తే ఇప్పుడున్నదానికంటే గట్టిగా కొడుతుంది. తప్పు కిట్టుది కాదు.

ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్, టఫ్ డాగ్ లాంటివాళ్ళు ఒకే బండికి మూడు నాలుగు రకాల స్ప్రింగులు అమ్మేది ఇందుకే. ముందు బంపర్ ఉందా లేదా, వెనక ఎప్పుడూ ఉండే బరువు ఎన్ని కిలోలు అని అడిగి ఇస్తారు. మనవాళ్ళు "ఎందుకైనా మంచిది, పెద్దది వేసెయ్" అంటారు. అక్కడే దెబ్బతింటారు. అప్పుడప్పుడూ వేసే లోడు చెప్పకండి, ఎప్పుడూ బండిలో ఉండేది చెప్పండి.

కొండదారి, హైదరాబాద్

ఒప్పుకుంటున్నా. బరువు సంగతి నేను రాయలేదు. ఖాళీ బండికైతే లైట్ లోడ్ కమాన్లు, లేదా కంపెనీవే ఉంచడం.

గల్ఫ్ బండి, మస్కట్

మాది హైలక్స్, కంపెనీ సైటు బండి. ఇక్కడ వాదీల్లో (ఎండిన వాగుల్లో), ఎడారి దారుల్లో నేల అంతా అలలు అలలుగా గట్టిపడి ఉంటుంది. గంటలకొద్దీ ఆ గరుకు మీద నడిపితే షాకులో నూనె వేడెక్కి నురగ కడుతుంది. నురగలో పిస్టన్‌కి పట్టు ఉండదు, బండి పడవలా తేలుతుంది. కాసేపు ఆపితే మళ్ళీ మామూలు. అందుకే ఇక్కడివాళ్ళు ఒకే గొట్టం ఉండే మోనోట్యూబ్ గానీ, ఫోమ్ సెల్ గానీ వేస్తారు. ఫోమ్ సెల్ అంటే గొట్టంలో గొట్టం ఉండే ట్విన్ ట్యూబే, కానీ బయటి గొట్టంలో గ్యాసు బదులు స్పంజిలాంటి ముక్క ఉంటుంది. నూనెలో గాలి కలవదు.

భీమవరం నుంచి విజయవాడకి అంత అవసరమా అనేది మీరే ఆలోచించుకోండి.

చెరువుగట్టు, భీమవరం

పానా గారూ, మీ మాటే నిజమైంది. పొద్దున్న చూస్తే ముందు టైర్లలో 41, వెనక 44 పీఎస్‌ఐ. స్టిక్కరు మీద ఖాళీ బండికి ఉన్న అంకె కంటే చాలా ఎక్కువ. దించేశాను. చెరువు గట్టు మీద తేడా అప్పుడే తెలిసింది. కుర్రాడు కూడా "అయ్యగారూ, బండికి ఏం చేశారు" అన్నాడు.

ఎడమ వెనక షాకు నూనె కారి నల్లగా ఉంది. కుడివైపుది పొడిగా ఉంది. వెనక షాకిల్ బుష్‌లు రెండూ పగుళ్ళిచ్చాయి. ముందువైపు నాకు కంటికి ఏమీ తెలియలేదు.

అయితే ఎడమది ఒక్కటి మార్చుకుంటే సరిపోతుందా?

10-12 పానా, విజయవాడ ఆటోనగర్

ఒక్కటి ఎప్పుడూ మార్చకండి. ఒక ఇరుసు మీద రెండూ జతగానే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే మలుపులో, బ్రేకులో బండి ఒక పక్కకి లాగుతుంది. 90 వేలు తిరిగింది కాబట్టి ముందువి కూడా మార్చేయడం మేలు. డబ్బు చూసుకోవాలంటే మొదట వెనకవైపువి, తర్వాత నెలలో ముందువైపువి.

వెనకవి మార్చడం చిన్న పని. పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టు. ముందువి మాత్రం స్ప్రింగుతో కలిసి ఉంటాయి. స్ప్రింగుని బిగించే పరికరం సరిగా లేనిచోట ఆ పని చేయించకండి. అది జారితే మనిషి ప్రాణం పోతుంది. ముందువి విప్పాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

ఇంకొకటి, ఇది చాలా షెడ్లలో చెయ్యరు. కమాను బుష్ బోల్టులు, ముందు ఆర్మ్ బోల్టులు బండి జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బండిని దించి, బరువు చక్రాల మీద పడ్డాక బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగిన చోటే బిగుసుకుపోతుంది. బండి దిగాక ఆ రబ్బరే అదనపు స్ప్రింగులా ఎదురు తంతుంది, కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. కొత్త షాకులు వేసినా గట్టిగా ఉందని వచ్చే బళ్ళలో నేను ముందు ఈ బోల్టులే వదులు చేసి మళ్ళీ బిగిస్తాను.

పొదుపు రాణి, ఖమ్మం

బుష్‌లు పాలీయూరితేన్‌వి వేయమని మా షెడ్డులో అంటారు. జీవితాంతం వస్తాయట.

10-12 పానా, విజయవాడ ఆటోనగర్

వస్తాయి మేడమ్. కానీ రబ్బరు కంటే గట్టివి, రోడ్డు గరుకంతా ఛాసిస్‌కి పంపిస్తాయి. గ్రీజు ఎండితే కీచుమంటాయి కూడా. ఈయనకి కంఫర్ట్ కావాలి కాబట్టి కంపెనీ రబ్బరువే వేయించమంటాను.

చెరువుగట్టు, భీమవరం

సరే అండి, నాలుగూ మారుస్తాను, బుష్‌లు కూడా. ఇప్పుడు మళ్ళీ మొదటి ప్రశ్నే. ట్విన్ ట్యూబా, మోనోట్యూబా? నాబ్ తిప్పి బిగువు మార్చుకునేవి కూడా ఉన్నాయంటున్నారు, అవి మంచివా?

లెక్కల మాస్టారు, ఒంగోలు

ట్విన్ ట్యూబులో గొట్టం లోపల గొట్టం. పిస్టన్ లోపలి దాంట్లో ఉంటుంది, మిగులు నూనె బయటి దాంట్లోకి పోతుంది. మోనోట్యూబులో ఒకే గొట్టం, అడుగున ఎక్కువ ఒత్తిడితో నైట్రోజన్, మధ్యలో తేలే పిస్టన్. వేడి నేరుగా బయటి గోడ నుంచి పోతుంది కాబట్టి త్వరగా చల్లబడుతుంది, నురగ సమస్య దాదాపు ఉండదు. బిల్‌స్టీన్ వాళ్ళు 1950ల నుంచి దీని మీదే పేరు తెచ్చుకున్నారు. లోపం ఏమిటంటే బయటి గొట్టమే పిస్టన్ తిరిగే గొట్టం. రాయి తగిలి సొట్టపడితే పిస్టన్ అక్కడ పట్టేస్తుంది. ట్విన్ ట్యూబు బయట సొట్టపడినా లోపలిది బాగానే ఉంటుంది.

మోనోట్యూబ్ అంటే గట్టిది, ట్విన్ ట్యూబ్ అంటే మెత్తది అని అనుకోకండి. బిగువు లోపలి బిళ్ళల అమరికలో ఉంటుంది, గొట్టంలో కాదు. కాకపోతే మోనోట్యూబులని ఎక్కువగా గట్టిదనం కోరేవాళ్ళ కోసం అమర్చి అమ్ముతారు. మీ వాడకానికి, అంటే ఖాళీ బండి, తారు రోడ్డు, గట్ల మీద నెమ్మది ప్రయాణం, కంపెనీ ఎత్తుకి అమర్చిన మంచి గ్యాస్ ట్విన్ ట్యూబ్ చాలు. ఓల్డ్ మ్యాన్ ఈము నైట్రోచార్జర్, కేవైబీ ఎక్సెల్-జీ ఈ తరహావే. మీ బండికి సరిపడే నంబరు దొరుకుతుందో లేదో అడిగి చూసుకోండి.

నాబ్ ఉన్నవి (టఫ్ డాగ్, రాంచో ఆర్ఎస్9000 లాంటివి, 9 మెట్లు) రోజూ లోడు మారేవాళ్ళకి ఉపయోగం. చాలామంది వారం రోజులు ఉత్సాహంగా తిప్పి, తర్వాత ఒకచోట వదిలేస్తారు. తీసుకుంటే మాత్రం కింది మెట్ల నుంచి మొదలుపెట్టండి. పైకి తిప్పుకుంటూ పోతే రీబౌండ్ బిగుస్తుంది. అంటే ముడుచుకున్న చక్రం తిరిగి దిగడం ఆలస్యమవుతుంది. టోల్ గేటు ముందు ఆ తెల్ల గీతల వరస ఉంటుంది చూడండి, ఒకదాని మీద ముడుచుకున్న చక్రం దిగేలోపే రెండోది వచ్చేస్తుంది. నాలుగో గీతకి సస్పెన్షన్ ముడుచుకునే ఉంటుంది, ఇక మింగడానికి చోటే లేదు. లోపల కూర్చున్నవాళ్ళు "షాకులు మెత్తగా ఉండి అడుగు తగులుతోంది" అనుకుని ఇంకా బిగిస్తారు.

ఫ్రిస్కో ట్రక్కు, టెక్సాస్

మాస్టారి మాటకి ఒకటి కలుపుతాను. ఎత్తు సర్దుకోగలిగే షాకులు బండి ముందువైపుకి వస్తాయి. బిల్‌స్టీన్ 5100 స్ట్రట్‌కి గాడులు ఉంటాయి, స్ప్రింగుని ఆపే క్లిప్ పై గాడిలో పెడితే బండి ముందుభాగం లేస్తుంది. పికప్ ముక్కు కిందికి ఉంటుంది కదా, సమంగా కనిపించాలని ఇక్కడ అందరూ పై గాడిలోనే పెడతారు. అలా పెడితే స్ప్రింగు గట్టిబడదు గానీ, చక్రం కిందికి దిగడానికి మిగిలిన చోటు తగ్గిపోతుంది. గుంతలోకి చక్రం దిగబోయే లోపే షాకు పొడవు అయిపోయి ఠంగుమని ఆగుతుంది. తర్వాత "బిల్‌స్టీన్ గట్టివి" అని రాస్తారు. కంఫర్ట్ కావాలంటే అదే షాకుని అడుగు గాడిలో పెట్టాలి.

దీనికి తిరగేసిన ఇబ్బంది కూడా ఉంది. 2 అంగుళాల లిఫ్ట్ కోసం చేసిన పొడుగు షాకుని లిఫ్ట్ లేని బండికి వేస్తే, పెద్ద గుంతలో రబ్బరు స్టాపరు తగలకముందే షాకు లోపల పిస్టన్ అడుగుకి గుద్దుకుంటుంది. ఒక్క ఏడాదిలో పాడవుతుంది. కొనేముందు "ఇది ఏ ఎత్తు నుంచి ఏ ఎత్తు దాకా?" అని అడగండి. అమ్మేవాడు జవాబు చెప్పలేకపోతే వేరే షాపు చూసుకోండి.

వారంటీ సంగతి కూడా. ఇక్కడ 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. బయటి పార్టు వేశావు కాబట్టి వారంటీ పోయిందని డీలరు ఊరికే అనలేడు, ఆ పార్టు వల్లే పాడైందని చూపించాలి. మీ దగ్గర వారంటీ పుస్తకంలో ఏం రాసి ఉందో ముందే చదువుకోండి.

కొండదారి, హైదరాబాద్

ఎత్తు మాట వచ్చింది కాబట్టి ఆర్టీవో సంగతి. అరిగిన షాకులు తీసి అదే ఎత్తుకి కొత్తవి వేసుకుంటే అది రిపేరు. లిఫ్టు, పెద్ద టైర్లు మాత్రం జాగ్రత్త. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, రెండూ కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదనే చెప్తాయి. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్‌వాళ్ళు ముందు చూసేది ఇదే. నేను నా బండి ఎత్తు గురించి ఇక్కడ ఏమీ మాట్లాడను :)

గల్ఫ్ బండి, మస్కట్

టైర్ల గురించి ఎవరూ అడగలేదేంటి? చెరువుగట్టు గారూ, కంపెనీ టైర్లేనా, లేక మందపాటి ఏటీ (ఆల్-టెరైన్, అన్ని రకాల నేలలకీ పనికొచ్చే) టైర్లు వేశారా? పది ప్లై రేటింగ్ (భారీ లోడుకి చేసిన గట్టి గోడ) టైర్లు వేసుకుని మెత్తని షాకు కోసం వెతికేవాళ్ళు ఇక్కడ బోలెడుమంది. ఆ టైరు పక్కగోడే ఒక గట్టి స్ప్రింగు. పైగా బరువెక్కువ. చక్రం బరువెక్కేకొద్దీ దాన్ని అదుపులో పెట్టడం షాకుకి కష్టం.

చెరువుగట్టు, భీమవరం

కంపెనీ సైజే అండి, 255/60 ఆర్18, హైవే టైర్లు. ఏటీ వేద్దామని అనుకున్నాను, గట్టు మీద వానాకాలం జారుతోందని. ఇప్పుడు ఆగాను.

గల్ఫ్ బండి, మస్కట్

వేస్తే ఎస్‌యూవీలకి వచ్చే తేలిక రకం ఏటీ చూడండి. లారీ రకం గోడ ఉన్నవి వద్దు.

చెరువుగట్టు, భీమవరం

అప్‌డేట్ అండి. విజయవాడలో చేయించాను. నాలుగూ గ్యాస్ ట్విన్ ట్యూబ్, పెట్టె మీద కంపెనీ ఎత్తుకి అని స్పష్టంగా రాసినవి. స్ప్రింగులు, కమాన్లు పాతవే. షాకిల్ బుష్‌లు కొత్త రబ్బరువి, పట్టీల చివర ప్లాస్టిక్ ముక్కలు కూడా కొత్తవి వేశారు. మెకానిక్ బోల్టులు జాకీ మీదే బిగించబోతే పానా గారి పోస్టు ఫోనులో చూపించాను. కాస్త మొహం మాడ్చుకున్నా దించాకే బిగించాడు.

వంతెనల దగ్గర ఊపు పూర్తిగా పోయింది. ఒకసారి దిగి నిలబడుతుంది. బ్రేకు వేస్తే ముక్కు అంతగా వంగట్లేదు. ఠక్ ఠక్ సగానికి పైగా తగ్గింది, పూర్తిగా పోలేదు. తగ్గినదాంట్లో ఎక్కువ భాగం గాలి దించినప్పుడే తగ్గింది, నిజం చెప్పాలి. ఖాళీగా ఉన్నప్పుడు స్పీడ్ బ్రేకర్ మీద వెనక ఇంకా తంతుంది. మేత బస్తాలు వేసిన రోజున మాత్రం కారులాగే పోతోంది.

అమ్మని ఏలూరు దాకా తీసుకెళ్ళాను. వెనక కాకుండా ముందు సీట్లో కూర్చోబెట్టాను. ఏమీ అనలేదు, దారంతా మా చెల్లెలి అత్తగారి గురించే మాట్లాడింది.

లెక్కల మాస్టారు, ఒంగోలు

ఆ మిగిలిన తన్ను కమానుది, షాకుది కాదు. కమాను లోడు కోసం పుట్టింది. దాన్ని కూడా తగ్గించాలంటే ఖాళీ బండికి సరిపోయే లైట్ లోడ్ కమాన్లు వేయించుకోవాలి, అది వేరే ఖర్చు. నన్నడిగితే ఇక్కడ ఆగండి. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టడం మంచి పని. వెనక ఇరుసుకి దూరంగా ఉంటారు, వి-క్రాస్ వెనక సీటు వీపు కూడా కాస్త నిటారుగా ఉంటుంది.

ఫ్రిస్కో ట్రక్కు, టెక్సాస్

దూరం వెళ్ళేటప్పుడు వెనక నాలుగు బస్తాలు ఉంచుకున్నా చాలు. ఇరుసుకి సరిగ్గా పైన, కదలకుండా కట్టేయండి. వదులుగా ఉన్న బస్తా సడన్ బ్రేకులో ముందుకి వస్తుంది. ఇక్కడ మంచు పడే రాష్ట్రాల్లో పట్టు కోసం ఇసుక బస్తాలు ఇలాగే వేస్తారు, ఊపు కూడా తగ్గుతుంది.

పొదుపు రాణి, ఖమ్మం

కమాను పట్టీల మధ్య గ్రీజు రాయిస్తే మెత్తబడుతుందని మా నాన్న అనేవారు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మాది బొలేరో క్యాంపర్, నేనే నడుపుతాను. మిర్చి సీజన్‌లో లోడు, మిగతా నెలలు ఖాళీ. వెనక నుంచి కిర్రు కిర్రుమని చప్పుడు కూడా వస్తోంది.

10-12 పానా, విజయవాడ ఆటోనగర్

మీ నాన్నగారు అన్నది నిజమే మేడమ్. పట్టీల మధ్య ఒరిపిడి తగ్గితే కమాను త్వరగా కదులుతుంది, కిర్రు కూడా పోతుంది. కాకపోతే మట్టిరోడ్ల మీద తిరిగే బండికి ఆ గ్రీజు దుమ్ము పట్టి గరుకు ముద్దలా తయారై పట్టీలని అరగదీస్తుంది. రాయిస్తే బండి ఎత్తి, పట్టీలు విడదీసి, శుభ్రంగా తోమి, గ్రాఫైట్ కలిసిన గ్రీజు పల్చగా రాయాలి. పైన పూసి వదిలేస్తే ఉపయోగం లేదు. ప్రతి సీజన్ ముందు చేయించుకోవాలి.

చప్పుడు మాత్రం పట్టీల నుంచేనా, షాకిల్ పిన్ను నుంచా అనేది చూడాలి. వెనక ఎడమ చక్రం దగ్గర, కుడి చక్రం దగ్గర కింద నుంచి ఫోటోలు తీసి పెట్టండి. కమాను రెండు చివర్లూ, షాకు పై బోల్టూ కనిపించాలి. ఆదివారం షెడ్డు సెలవు, సోమవారం చూసి చెప్తాను.